అమ్మేసిన ఇంటికి అమ్మ వచ్చేది

దూదేకేవాడికి దయ్యాల భయం ఉంటే పొట్ట గడవదు. ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ళు పడుకున్న పరుపును చాలామంది పారేయరు. నెలో రెండు నెలలో ఆగి మా దుకాణానికి పంపుతారు. మేము కుట్లు విప్పి, దూది బయటికి తీసి, ఎండబెట్టి, ఏకి, కొత్త గుడ్డలో నింపి కుట్టి ఇస్తాం. నలభై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. పోయినవాళ్ళ తల ఆని పడిన గుంటల్ని చేత్తో సరిచేశాను. ఒళ్ళు అలిసిన రోజు ఆ దూది కుప్ప మీదే కునుకు తీశాను. ఏనాడూ ఏమీ కనబడలేదు, ఏమీ వినబడలేదు. దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, రాత్రి ఏం తిన్నావని అడిగే రకం నేను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నేను రాస్తున్నది చనిపోయినవాళ్ళ సంగతి కాదు. బతికి ఉన్న మనిషి సంగతి. మా అమ్మ హుసేనమ్మ సంగతి. నా భార్యకు కూడా దీన్ని సగమే చెప్పాను.

మాది తెలుగు మాట్లాడే దూదేకుల కుటుంబం. మా నాయన మదార్ సాబ్ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు, తలకింది మెత్తలు కుట్టేవాడు. అమ్మ వెంట తిరిగేది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళ దాకా వాళ్ళకు ఇల్లు లేదు. ఎవరి అరుగు మీదో, ఎవరి కొట్టంలోనో వండుకోవడం, పని అయిపోగానే లేచిపోవడం. ఒక చిన్న ఊరికి మాత్రం ప్రతి ఏడూ వచ్చేవాళ్ళు. అక్కడికి రైలు స్టేషన్ మూడు మైళ్ళు. బుధవారం అంగడి జరిగేది. చుట్టుపట్ల పత్తి పండేది. ఆ ఊరి పేరు రాయను. ఆ ఇంట్లో ఇప్పటికీ మనుషులు ఉన్నారు.

ఆ ఊళ్ళో ఒక జాగా కొనుక్కోవాలని పట్టుబట్టింది అమ్మే. జాగా గల పెద్దమనిషి మొదట ఇవ్వనన్నాడట.

"ఊర్లు పట్టుకొని తిరిగేటోళ్ళకు ఇల్లెందుకే?" అన్నాడట.

"తిరిగి తిరిగి మళ్ళ యాడికి రావాల్నో తెలుస్తలేదు దొరా, అందుకే అడుగుతున్న" అన్నదట అమ్మ.

ఆయన నవ్వి ఇచ్చాడు. ఈ మాట నాయన చెప్పగా నేను చాలాసార్లు విన్నాను.

ఇల్లు వాళ్ళిద్దరే కట్టుకున్నారు. నేను కడుపులో ఉండగా అమ్మ కాళ్ళతో మన్ను తొక్కింది. ముందొకటి వెనకొకటి రెండు గదులు, మా మాటలో అర్రలు, ఒక వంటసావిడి, పైన గూనపెంకులు, వెనక చేదబాయి. వెనక దర్వాజకు రాతి కడప వేసేటప్పుడు ఆ రాయి జారి అమ్మ ఎడమ పాదం మీద పడింది. అప్పటినుంచి ఎడమ కాలు కాస్త ఈడ్చి నడిచేది. ఆమెకు ఇంకో అలవాటు కూడా ఉండేది. రోజూ మధ్యాహ్నం నమాజు కాగానే ఇల్లంతా ఒకసారి చుట్టి వచ్చేది. పోతూ పోతూ గోడలకు చెయ్యి ఆనించి చూసేది. అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు, వేళ్ళ కణుపులు. పసిపిల్లలకు జ్వరం చూసినట్టు. మట్టిగోడలో తడి ఎక్కడ దిగిందో అట్లయితేనే తెలుస్తుందనేది.

నేను ఇరవయ్యో ఏట సికింద్రాబాద్ వచ్చేశాను. రెజిమెంటల్ బజార్‌లో ఒక పరుపుల దుకాణంలో పనికి కుదిరాను. పట్నం నచ్చింది. ఏడాది ఇట్టే గడిచింది, అంతలోనే నాయన జ్వరంతో పోయాడు. అమ్మను నాతో రమ్మన్నాను. ఇల్లు ఎవరు చూస్తారంది. అక్కడే ఒక్కతే ఉండిపోయింది.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. అంతకు ముందు రజాకార్లు పల్లెల మీద పడి ఇళ్ళు తగలబెట్టిన సంగతి అందరికీ తెలుసు. మిలిటరీ వచ్చాక జిల్లాల్లో ముస్లింల మీద జరగరానివి కూడా జరిగాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన ఉన్న మాకు పెద్దగా ఏమీ కాలేదు. కానీ జిల్లాల నుంచి రైలు దిగినవాళ్ళు చెప్పేవి విని నాకు అన్నం సహించలేదు. రైళ్ళు సరిగా నడవడం మొదలవగానే ఊరికి పోయాను.

అమ్మకు ఏమీ కాలేదు. పక్కింటి గొల్లవాళ్ళు ఆమెను తమ గడ్డికొట్టంలో తొమ్మిది రోజులు దాచారు. ఆ ఇంటి ముసలామె రోజూ గడ్డి తీసుకురావడానికి పోయినట్టు పోయి బువ్వ ఇచ్చి వచ్చేదట. అమ్మ ఎవరి మీదా కోపంగా లేదు. "ఊరు మంచిదే, కాలమే బాగలేదు" అంది.

"పది దినాలే అమ్మా. అంతా సల్లబడ్డంక మళ్ళొద్దాం" అన్నాను.

ఆ మాట నమ్మి, కుండలు బోర్లించి, పెరట్లో నిమ్మచెట్టుకు రెండు బిందెల నీళ్ళు పోసి, నాతో బయలుదేరింది.

బన్సీలాల్‌పేటలో ఒక వరస ఇళ్ళలో నాది ఒకటే గది. ముందు తలుపు తప్ప కిటికీ లేదు. అందరికీ కలిపి ఒకటే నల్లా. అమ్మకు అక్కడ చేయడానికి పని లేదు. గచ్చునేల కాబట్టి అలకాల్సిన పని లేదు. ఇద్దరికి వంట ఎంతసేపు? పొద్దంతా గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్ళను చూసేది. పక్క గదిలో బీబమ్మ అని ఒక విధవరాలు ఉండేది. అగరుబత్తులు చుట్టి అమ్ముకునేది. అమ్మతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. పది రోజులు రెండు నెలలయ్యాయి.

చలికాలంలో ఒకాయన మా దుకాణానికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పేరు వడ్ల నర్సయ్య. నలభై ఏళ్ళుంటాయి. మా ఊరికి రెండు కోసుల దూరంలోని పల్లెలో వడ్రంగం చేసేవాడు. రజాకార్లు ఆ పల్లెకు నిప్పు పెట్టినప్పుడు ఆయన ఇల్లు, పనిముట్లు, సాగుకు సిద్ధం చేసిన నాగళ్ళు అన్నీ కాలిపోయాయి. భార్య రాజవ్వతో, ఇద్దరు ఆడపిల్లలతో మా ఊళ్ళో ఎవరిదో పశువుల కొట్టంలో ఉంటున్నాడు.

"ఖాసిం తమ్మీ, మీ ఇల్లు ఖాళీగ ఉంది. గట్లనే ఇడిస్తే వచ్చే వానలకు కూలుతది. నాకియ్యి. ఊకెనే అడుగుతలేను, కొనుక్కుంట" అన్నాడు.

మంచిమనిషని చూడగానే తెలిసింది. బేరం పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఆ రోజుల్లో చాలామంది ఊళ్ళలో ఇళ్ళు వచ్చిన కాడికి తెగనమ్ముకుంటున్నారు. నాకైతే సొంతంగా చిన్న దుకాణం పెట్టుకోవాలని అప్పటికే మనసులో ఉంది. ఇల్లు నాయన పేరు మీద ఉండె. తర్వాత నాదే కదా అనుకున్నాను. నాలుగు రోజుల్లో కాగితం రాసి సంతకం పెట్టేశాను. ఆ మన్ను తొక్కిన మనిషిని ఒక్క మాట అడగలేదు.

అమ్మకు మాత్రం, ఒక వడ్లాయనకు కిరాయికి ఇచ్చానని చెప్పాను. ఇల్లు చూసుకుంటాడు, మనం పోయిననాడు ఖాళీ చేస్తాడని చెప్పాను. మెల్లగా నిజం చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

"పిల్లలున్నరా ఆయనకు?" అని అడిగింది. ఇద్దరు ఆడపిల్లలన్నాను. "మంచిగైంది. ఇల్లు సప్పుడు చేస్తది" అంది.

ఎండలు ముదరకముందే మొదలైంది. నేను మధ్యాహ్నం తిండికి ఇంటికి వచ్చేవాణ్ణి. ఒకరోజు వచ్చేసరికి అమ్మ నమాజు చాప మీదే, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండుసార్లు పిలిచినా పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. భయపడి నీళ్ళు తెచ్చేలోగా మామూలుగా లేచి, గంజి వార్చడానికి పోయింది.

అన్నం పెడుతూ అంది: "ఆ వడ్లాయన వెనుకర్రకు కిటికీ పెడుతుండు కొడుకా. మంచిదే. ఆ అర్రకు ఎలుగు లేకుండె."

కల కన్నదేమో అనుకున్నాను. కిటికీ లేని గదిలో ఉన్న మనిషికి కిటికీ గురించి కల రావడం వింతేమీ కాదు.

కొన్ని రోజులకు ఇంకోటి జరిగింది. నేను చేతులు కడుక్కుంటుంటే అమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. ఆమె కుడిచేతి కణుపుల మీద ఎర్రమట్టి అంటుకుని ఉంది. తడిగా ఉంది. ఆ మట్టిలో సన్నగా తరిగిన గడ్డిపోగులు కూడా ఉన్నాయి. అది గోడలకు పూసే మట్టి. మా వరసలో ఉన్నవన్నీ సున్నం గోడలు. ఎక్కడిదమ్మా అని అడిగాను. చెయ్యి తిప్పి చూసుకుని, కొంగుకు తుడుచుకుంది. పేటలోని మెట్లబావి వైపు ఎవరో గుడిసె వేసుకుంటున్నారు, అటు పోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చేసరికి పొయ్యి వెలిగించలేదు. అమ్మ ఏడుస్తోంది. బీబమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతోంది.

"నిమ్మచెట్టు కొట్టేసిండ్రు" అంది అమ్మ.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

కొంగుతో మొహం కప్పుకుంది. నేను కోపం చేశాను. పట్నంలో కూర్చుని లేనిపోనివి ఊహించుకుని పరేషాన్ అయితే పిచ్చి పడుతుందన్నాను. మా అమ్మ మీద నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. అప్పటినుంచి ఆమె ఊరి ఇంటి ముచ్చట నా దగ్గర ఎత్తలేదు. మధ్యాహ్నం కూర్చోవడం మాత్రం మానలేదు. నేను వచ్చే అడుగుల చప్పుడు వినబడేలోగా లేవడానికి చూసేది.

ఆ ఏడు రంజాన్ పండుగకు ఆమెకు ఒక నీలం చీర కొన్నాను. తెల్లని సన్న అంచు. అంతకు ముందు ఊరినుంచి కట్టుకొచ్చిన ఆకుపచ్చ చీర, ఇంకో పాతది తప్ప ఆమెకు లేవు. ఈ చీర సంగతి గుర్తుపెట్టుకోమని చదివేవాళ్ళను కోరుతున్నాను. మిగిలినవాటికి నేను ఏదో ఒక సమాధానం చెప్పుకోగలిగాను.

పండుగ వెళ్ళిన మూడో వారం అనుకుంటా, ముసురు పట్టి ఉంది. నర్సయ్య మళ్ళీ దుకాణానికి వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. మీ అమ్మ ఉన్నదా?"

"ఉన్నది. ఇంటికాడున్నది."

"పాణంతోని ఉన్నదా?"

నాకు కోపం వచ్చింది. ఏం మాటలివి నర్సన్నా అన్నాను. అప్పుడాయన దూది బస్తా మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఎండాకాలం ముందటినుంచీ మధ్యాహ్నం పూట, ఆయన పనిమీద బయట ఉన్నప్పుడు, ఒక పెద్దామె వెనక దర్వాజ నుంచి లోపలికి వస్తోంది. రాజవ్వ మొదట ఊరి మనిషే అనుకుంది. ఆమె ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తుంది. చెయ్యి తిప్పి పెట్టి గోడలు ముట్టుకుంటుంది. కుండల్లోకి తొంగి చూస్తుంది. ఎవరమ్మా నువ్వంటే పలకదు. పిల్లల్ని చూసి నవ్వుతుంది. బాయి దిక్కు పోతుంది, ఆ తర్వాత కనబడదు. రాజవ్వ మా అమ్మను ఎన్నడూ చూసి ఎరగదు. పక్కింటి గొల్లామెకు ఆనవాళ్ళు చెబితే, ఆమె గుండెలు బాదుకుని, "మా హుసేనమ్మ సచ్చిపోయింది గావొచ్చు" అన్నదట.

"గోడ అలికిన నాడు, తడి గోడ మీద నాలుగు కణుపులు దిగినయి తమ్మీ. నేను నా కండ్లార చూసిన. నిమ్మచెట్టు పురుగు పట్టి కొట్టేసిన నాడు, మొద్దు కాడ కూసొని ఏడ్చిందంట. మా ఆమె సుత ఏడ్చింది. మీ అమ్మ పోయింటే ఫాతెహా గిట్ల ఏమన్న చేయిస్తవేమో, అడుగుదామని వచ్చిన."

నేను చేతిలోని దూది పక్కన పెట్టాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

"ముందుగాల పచ్చ చీరల వస్తుండె. పండుగ సంది నీలం చీర కట్టుకొని వస్తున్నదంట. తెల్లంచుది."

ఆ చీర సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మా ఊరివాళ్ళెవరూ నాకు కనబడలేదు కూడా.

నర్సయ్య అమ్మను ఒక్కసారి చూసి పోతానన్నాడు. నేను వద్దన్నాను. ఇంటికి వస్తే ఇల్లు కొన్న మాట ఎక్కడ బయటపడుతుందోనని నా భయం. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను. ఆయన కాసేపు నా మొహం చూశాడు.

"తమ్మీ, నా ఇల్లు కాలినంక నేను సుత ఆ బూడిదల రోజు పోయి నిలవడుతుంటి. ఎవ్వలు చెప్పినా వినకపోతుంటి. ఆమెను తోల్కరా. ముందటర్ర ఆమెకిస్తం. ఉన్నన్ని దినాలు ఉండనీ. మా పిల్లలకు ముసలమ్మ లేదు."

వానలు తగ్గాక తీసుకువస్తానన్నాను. ముందు నేను ఒక్కణ్ణే వచ్చి చూస్తానన్నాను.

నాలుగు రోజుల తర్వాత బయలుదేరాను. వరంగల్‌కు దూది కోసం పోతున్నానని అమ్మకు చెప్పాను. ఒక రాత్రి అక్కడే ఉండి, మర్నాడు సాయంత్రానికి తిరిగి వస్తానన్నాను. అమ్మను కనిపెట్టుకుని ఉండమని, ముఖ్యంగా మధ్యాహ్నం ఆమెను వదలొద్దని బీబమ్మకు వేరే చెప్పాను.

రాత్రి స్టేషన్ దగ్గర ఉండి, మర్నాడు పొద్దున ఊళ్ళోకి పోయాను. ఇల్లు మేమున్నప్పటికంటే బాగా ఉంది. కొత్త తలుపులు, వెనకర్రకు కిటికీ. వెనక గోడ మీద, నా ఛాతీ ఎత్తున, ఎండిపోయిన మట్టిలో నాలుగు గుంటలు ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. అంతకంటే ఏమీ తేలలేదు.

మధ్యాహ్నం నర్సయ్యా నేనూ వెనకర్రలో చాప మీద కూర్చున్నాం. నా వీపు వెనక దర్వాజ వైపు ఉంది. రాజవ్వ మాకు ఎదురుగా కూర్చుని జొన్నలు చెరుగుతోంది. పిల్లలు వాకిట్లో ఉన్నారు. ముసురు వెలిసి ఎండ బాగా కాస్తోంది. ఆ ఎండలో ఎవరికీ భయమేమీ లేదు. పని ముచ్చట్లు, పత్తి ముచ్చట్లు మాట్లాడుకున్నాం.

మాటల్లో రాజవ్వ అడిగింది. "తమ్మీ, ఇల్లు మాకమ్మిన్రని అమ్మకు తెల్వదా ఏంది? ఆమె చూసేది జూస్తే, ఇంకా తనదే అన్నట్టు చూస్తది."

నేను నవ్వుతూనే అన్నాను. ఎందుకు నవ్వానో తెలియదు. సిగ్గు కప్పుకోవడానికి కావచ్చు.

"తెల్వదు వదినా. కిరాయికిచ్చిన్నని చెప్పిన. అమ్మిన్నంటే తట్టుకోదు. ఆమె ఉన్నంత కాలం చెప్ప. ఇంక ఈ ఇంటి మొకం చూసేది లేదు కదా, ఎందుకు చెప్పుడు?"

రాజవ్వ చేతిలోని చాట ఆగిపోయింది. ఆమె నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. నర్సయ్య కూడా అటే చూశాడు.

నేను తల తిప్పాను.

వెనక దర్వాజలో మా అమ్మ నిలబడి ఉంది. నీలం చీర. తలమీద కొంగు. కడప బయటే ఉంది, లోపలికి అడుగు పెట్టలేదు. వెనక ఎండ ఉండటం వల్ల మొహం కొంచెం నీడలో ఉంది. అయినా మా అమ్మ మొహం నేను పోల్చుకోలేకపోవడం ఉండదు. పొగలా లేదు, నీడలా లేదు. పక్కింటినుంచి వచ్చిన మనిషిలాగే ఉంది. చీర చెంగు గాలికి కదులుతోంది.

ఆమె నన్ను చూసింది. కోపం లేదు. చిన్నప్పుడు నేను ఏదైనా పగలగొట్టి, చెప్పకుండా నిలబడితే ఎట్లా చూసేదో అట్లా చూసింది. తర్వాత అర్రంతా ఒకసారి చూసింది. రాజవ్వను చూసి, చుట్టాల ఇంటినుంచి పోయేటప్పుడు చెప్పినట్టు తల ఊపింది. వెనక్కి తిరిగింది.

"అమ్మా" అని లేచాను. నాకు కాలు తిమ్మిరెక్కి ఉంది, తడబడ్డాను. దర్వాజ దాకా పోయేసరికి పెరడు ఖాళీగా ఉంది. బాయి దగ్గర, గోడ అవతల, గొల్లవాళ్ళ కొట్టంలో, అంతా వెతికాను. తడి నేల మీద అడుగులేవీ లేవు, నావి తప్ప.

ముగ్గురం ఒకేసారి చూశాం. ఎండలో చూశాం. అందులో ఇద్దరికి ఆమెతో రక్తసంబంధం లేదు. ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు.

సాయంత్రం బండి అందుకుని, చీకటి పడేసరికి బన్సీలాల్‌పేట చేరాను. ముందు బీబమ్మ తలుపు కొట్టాను.

"యాడికీ పోలేదు బేటా. నమాజు చేసి గోడకు ఆనుకొని కూసుంది. నేను పక్కనే బత్తీలు చుడుతున్న. జెర సేపటికి కళ్ళ పొంట నీళ్ళు కారినయి. ఏమైంది హుసేనమ్మా, తక్లీఫ్ ఏందని అడిగిన. ఏం లేదని మొకం కడుక్కుంది. మళ్ళ మంచిగనే ఉంది. నీ కోసం వంకాయ వండింది" అంది.

లోపలికి పోయాను. అమ్మ నీలం చీరలోనే ఉంది. నన్ను చూసి లేచి పళ్ళెం పెట్టింది. అన్నం వడ్డించింది. నేను తల ఎత్తలేదు. రెండో ముద్ద నోట్లో ఉండగా అడిగింది.

"వరంగల్ల దూది దొరికిందా కొడుకా?"

దీపం ముందు ఆమె చెయ్యి గరిటెతో అట్లాగే ఉంది. ఎదురు చూస్తోందని నాకు తెలుసు.

"దొరికింది" అన్నాను.

"మంచిది" అని ఇంకొంచెం కూర వేసింది.

మర్నాటినుంచి అమ్మ మధ్యాహ్నం గోడకు ఆనుకుని కూర్చోవడం మానేసింది. నమాజు కాగానే చాప చుట్టి, బీబమ్మ దగ్గరకు పోయి బత్తీలు చుట్టేది. చేతికి పని దొరికిందని ఊరట పడ్డాను. ఆరోగ్యం కుదుటపడిందనుకున్నాను. అట్లా అనుకోవడమే నాకు సులువుగా ఉంది.

చలికాలంలో నర్సయ్య వచ్చాడు. "అమ్మ వస్తలేదు తమ్మీ" అన్నాడు. ఆ రోజు తర్వాత ఒక్కసారి కూడా కనబడలేదట. రాజవ్వ ముందటర్ర అలికి, చాప, నీళ్ళకుండ పెట్టి ఉంచిందట. మధ్యాహ్నం అయితే వెనక దర్వాజ తెరిచి పెడుతోందట. "గా ముచ్చట నేనెందుకు తీస్తినని మా ఆమె ఒకటే ఏడుపు. ఒక్కసారి తోల్కరా. మేమే ఆమెకు చెప్పుకుంటం."

ఈసారి నిజంగానే ఇంటికి పోయి అమ్మను అడిగాను. అయితే నిజం చెప్పి అడగలేదు. ఊరికే, "అమ్మా, ఒకసారి ఊరికి పోయొద్దామా?" అన్నాను.

ఆమె బత్తీల పుల్లలు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఎవరింటికి?" అంది.

నేను చెప్పులు వేసుకుని దుకాణానికి పోయాను.

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. నా పెళ్ళి చూసింది, పిల్లల్ని ఎత్తుకుంది. నేను సొంత దుకాణం పెట్టాను. కొన్నాళ్ళకు అదే పేటలో రెండు గదుల ఇల్లు కొన్నాను, దానికి కిటికీలు కూడా ఉన్నాయి. ఆమె పేరు మీదే కొన్నాను. కాగితం చేతికిస్తే, చదువు రాని మనిషి కనుక, తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి నాకే ఇచ్చేసింది. "నీ దగ్గరుండనీ కొడుకా" అంది. ఒక్కరోజు కూడా నన్ను తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో.

చివరి జబ్బులో పది పన్నెండు రోజులు మంచం పక్కనే ఉన్నాను. చెప్పాలని రోజూ అనుకున్నాను. ఒక పొద్దున మొదలుపెట్టాను కూడా. "అమ్మా, ఊళ్ళె ఇల్లు..." అన్నాను. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి, "నర్సయ్య బిడ్డల పెండ్లిండ్లు అయినయా?" అని అడిగింది.

నర్సయ్య పేరు నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. వడ్లాయన అనే చెప్పాను.

"పెద్దదానిది అయింది" అన్నాను. కళ్ళు మూసుకుంది. ఆ సాయంత్రమే పోయింది.

నాకు తెలిసిన ఒక మౌల్వీ సాబుకు ఈ సంగతి చెప్పాను. మనసు పడినచోటికి రూహ్, అంటే ఆత్మ, పోతుంది, అందులో వింత లేదన్నాడు. ఒక డాక్టరుకు చెప్పాను. ముగ్గురూ ఒకే ఆలోచనలో ఉన్నారు గనక ఒకటే చూశారన్నాడు. చీర సంగతి అడిగితే ఆయన వాచీ చూసుకున్నాడు. గోడ మీది ఆ గుంటలు తర్వాతి అలుకులో కలిసిపోయాయి. నర్సయ్య, రాజవ్వ ఇద్దరూ పోయారు. చూసినవాళ్ళలో ఇక నేనొక్కణ్ణే మిగిలాను. నేను కూడా పోతే ఇది జరగనట్టే.

నా కొడుకు అడుగుతాడు, నువ్వు ఇప్పటికైనా దయ్యాలున్నాయని నమ్ముతావా అని. నమ్మను. సికింద్రాబాద్‌లో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, అంత దూరంలో ఒక దర్వాజలో ఎట్లా నిలబడిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఎందుకు రావడం మానేసిందో మాత్రం ఎవరినీ అడగనక్కర లేదు.